బాను బండికి జోడు టైర్లు

టైర్ల సంగతి తనకు తెలిసినంతగా సిడ్నీ శివారు టూంగాబీలో ఇంకెవరికీ తెలియదని బానుకి గట్టి నమ్మకం. అందులో తప్పేమీ లేదు. బెజవాడ ఆటోనగర్‌లో రీట్రెడింగు షాపున్న ఇబ్రహీం సాహెబు కూతురు ఆ మాత్రం అనుకోకపోతే ఇంకెవరనుకుంటారు? అరిగిపోయిన లారీ టైర్లకి కొత్త రబ్బరు పట్టీ అతికించి, ఉడికించి, మళ్ళీ హైవే ఎక్కించడం ఆ షాపు పని. షాపు వెనకే ఇల్లు. కాలిన రబ్బరు వాసన లేకపోతే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. పండక్కి అత్తరు పూసుకున్నా దాని వెనకాల రబ్బరు వాసన రావాల్సిందే.

బానుకి పద్నాలుగేళ్ళు రాగానే షాపు గడప తొక్కొద్దన్నాడు తండ్రి. తమ్ముళ్ళకి గల్లా పెట్టె, బానుకి కుట్టు మిషను వచ్చాయి. షాపుకీ ఇంటికీ మధ్య ఒకే ఒక్క గోడ. కాళ్ళకి అడ్డం పెట్టగలిగారు గానీ చెవులకి ఎవరు అడ్డం పెడతారు? మిషను తొక్కుతూనే డ్రైవర్ల గోలా, తండ్రి ఉపన్యాసాలూ అన్నీ వింది. పెద్ద తమ్ముడు ఇప్పటికీ టైరు పక్కన రాసిన అంకెలు చదవడానికి తడుముకుంటాడు. బాను జాకెట్టు కొలతంత తేలిగ్గా చదువుతుంది. చదివి ఏం లాభం? ఆమెను అడిగినవాళ్ళెవరూ లేరు.

భర్త వాహెద్ గుంటూరువాడు. హైదరాబాదులో ఒక బ్యాంకు కంప్యూటర్ సెక్షన్‌లో కోబాల్ ప్రోగ్రాములు రాసేవాడు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ బుర్ర తిరిగి పడిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు కదా, ఆ హడలే వాహెద్ ఇంట్లో అన్నమైంది. తొంభై ఎనిమిదిలో వీసా వచ్చింది. సిడ్నీలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో, ముప్పై ఏళ్ళ కిందట ఎవరో మహానుభావులు రాసి వదిలేసిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని వెతికి నాలుగంకెలు చెయ్యడం పని. తెల్లారింది, కొత్త సంవత్సరం వచ్చింది, ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే వాహెద్ పనితనం. కానీ ఏమీ జరగనందుకు ఎవరైనా దండ వేస్తారా? కాంట్రాక్టు ఇంకొన్నాళ్ళు పొడిగించారు, అదే దండ.

ఆ పని వల్ల వాహెద్‌కి ఒక జబ్బు మాత్రం అంటుకుంది. పాతది ఏది చూసినా భయం. "బాగా నడుస్తోంది కదా అనుకుంటాం బానూ, లోపల ఎక్కడో ఒక చోట కూర్చుని ఉంటుంది" అనేవాడు. ఏది కూర్చుని ఉంటుందో చెప్పేవాడు కాదు. పాత ఫ్రిజ్ అయినా అంతే, పాత గీజరు అయినా అంతే. ఇక బండి సంగతి చెప్పక్కర్లేదు.

ఆ బండి పక్కింట్లో ఉండే రిటైర్డ్ రైల్వే ముసలాయనది. క్వీన్స్‌లాండ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ వీళ్ళకి ఇచ్చేసి పోయాడు. పదహారేళ్ళ నాటి ఫోర్ వీల్ డ్రైవ్. బెల్లం రంగు. బీరువాకి చక్రాలు బిగించినట్టు ఎత్తుగా, మొండిగా ఉంటుంది. టూంగాబీలో మనవాళ్ళంతా తెల్లటి సెడాన్లు కొని శనివారం శనివారం తోముకుంటుంటే వీళ్ళింటి ముందు ఈ బెల్లం దిమ్మ ఉండేది. "ఒక్క ఏడాది వాడుకుని మంచి కారు కొందాం" అన్నాడు వాహెద్. అతను లైసెన్సు అయితే తీసుకున్నాడు గానీ, పొద్దున్నే రైలెక్కి వెళ్ళి రైల్లో వచ్చే మనిషి. వారానికోసారి కూరగాయలకి తోలడమే అతనికి పెద్ద యాత్ర.

బండి నేర్చుకున్నది బాను. వచ్చిన మొదటి ఏడాది ఆమె బతుకు కిటికీ పక్కన గడిచింది. వాహెద్ రైలుకి, కూతురు ఫిజా స్కూలుకి. వీధిలో మనిషి కనపడడు. కనపడినా కారులో కనపడతాడు. మాట్లాడే దిక్కు లేక కుళాయితో మాట్లాడిన రోజులున్నాయి. అలాంటిది రెండుసార్లు ఫెయిలై మూడోసారి లైసెన్సు తెచ్చుకుని, ఆ బండి ఎక్కి కూర్చున్న రోజున, అంత ఎత్తునుంచి టూంగాబీని చూసి, "యా అల్లా, ఊరు ఇంత ఉందా!" అంది. సంతోషంతో ఏడుపొచ్చింది కూడా.

ఆ తరవాత ఆమె తీరిక ఎవరికి దొరికింది? మొగుళ్ళు రైళ్ళెక్కి పోయిన ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ బాను బండే దిక్కు. పెండిల్ హిల్‌లో కరివేపాకు, ఆబర్న్‌లో హలాల్ మాంసం, వెస్ట్‌మీడ్‌లో డాక్టరు. వెనక వీధి నీలిమకి నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ బండే. రెండు వీధులవతల ఉండే ఏలూరు వసంత ముందు సీటుకి శాశ్వత హక్కుదారు. "ఈ బండి ఎక్కితే ఏనుగు అంబారీ ఎక్కినట్టుంటుందే బానూ, దిగేటప్పుడే నడుం పోతుంది" అనేది. మంగళవారం వస్తే బాను ఇంటి ముందు సంచులతో నలుగురు నిలబడేవాళ్ళు. నలుగురికి కావలసిన మనిషవడం ఎంత బాగుంటుందో ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేకుండా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

రెండు వేల సంవత్సరం మార్చిలో రిజిస్ట్రేషను ముందరి తనిఖీకి బండిని గరాజులో చూపిస్తే, ముందు టైర్లు రెండూ అరిగాయి, మార్చకపోతే పాసు చెయ్యనన్నాడు మెకానిక్. వెనకవి సగం అరిగాయి, ఇంకో ఏడాది లాగుతాయట. వాహెద్ పెదవి విరిచాడు. "చూశావా, మొదలైంది" అన్నాడు. బాను మాత్రం లోపల్లోపల ఎగిరి గంతేసింది. నలభయ్యేళ్ళకి మొదటిసారి తనంతట తాను టైర్లు కొనబోతోంది! "ఈ విషయం నాకొదిలెయ్యండి" అంది.

ఆటోనగర్‌లో చంటిపిల్లాడికి కూడా తెలిసిన సూత్రం ఒకటుంది. కొత్త టైర్లు ముందుకి, పాతవీ రీట్రెడ్లూ వెనక్కి. ముందు టైరు పేలితే స్టీరింగు చేతిలో ఉండదు, వెనకది పేలితే బండి కుంటుతుంది అంతే. లారీలన్నీ ఆ సూత్రం మీదే కలకత్తా దాకా పోయివస్తున్నాయి. బాను షాపుకెళ్ళి, వరసగా నిలబెట్టిన టైర్ల ముందు పెళ్ళిచూపులకి వచ్చిన అత్తగారిలా పచార్లు చేసి, అన్నిటికంటే లోతైన పళ్ళున్న రెండిటిని పట్టుకుంది. బురదలో నడవడానికి చేసినవి. వేలు పెడితే కణుపు దాకా లోపలికి పోతోంది. రబ్బరు కొత్తగా, నల్లగా నిగనిగలాడుతోంది. బాను కళ్ళు చెమర్చాయంటే నమ్మాలి.

"ఫోర్ వీల్‌లో వేసి తోలతారా? అలాగైతే వెనకవి కూడా..." అని షాపతను ఏదో చెప్పబోయాడు.

"మై ఫాదర్, టైర్ మాన్" అంది బాను, గుండెల మీద చెయ్యి వేసుకుని. అతను నవ్వేసి ఊరుకున్నాడు. బేరం చెడగొట్టుకోవడం ఎందుకని కూడా అనుకుని ఉంటాడు.

బండి పాసయింది. ఆ ముందు టైర్ల అందం ఫిజాకి తప్ప అందరికీ చూపించింది బాను. ఫిజాకీ చూపించేదే, "మమ్, దే ఆర్ జస్ట్ టైర్స్" అనేసింది ఆ పిల్ల.

సరే, కొత్త చెప్పులు కొన్నాక నడవకుండా ఎలా ఉంటాం? ఆ ఆదివారమే పిక్నిక్ పెట్టారు. వైజ్‌మన్స్ ఫెర్రీ దగ్గర నది ఒడ్డు. వసంతా, వాళ్ళాయన జనార్దనరావూ కూడా బయల్దేరారు. జనార్దనరావు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మంచివాడు. కానీ అడగని సలహా ఆయన నోట్లో ఆగదు. వీసా దగ్గర్నించి వడియాల దాకా ఆయనకు తెలియనిది లేదు, ఆయన చేసింది మాత్రం ఏదీ లేదు.

నది పక్కన కొంత దూరం మట్టి రోడ్డు. గట్టిగా దిమ్మిస కొట్టినట్టున్న మట్టి. ఫోర్ వీల్ అవసరమే లేదు. కానీ కొత్త టైర్లు వేసుకుని వచ్చి ఊరికే ఉండడం బాను వల్ల కాలేదు. దిగి, ముందు చక్రాలని ఇంజనుకి కలిపే బిళ్ళలు తిప్పి, ఎక్కి, గేరు పక్కనున్న చిన్న లివరు లాగింది. ఇప్పుడు నాలుగు చక్రాలూ ఇంజనే లాగుతుంది. బండి హుందాగా కదిలింది. "అదీ!" అన్నాడు జనార్దనరావు, తనే లాగినట్టు. కాసేపటికి స్టీరింగు బరువెక్కింది. తారు రోడ్డు ఎక్కి మలుపు తిరిగేసరికి బండి కాడి కింద మొరాయించిన ఎద్దులా బిగుసుకుంది. ఒక్కో గజానికీ అడుగునుంచి దడేల్‌మని చప్పుడు. లివరు వెనక్కి తొయ్యబోతే రాలేదు. రెండు చేతులూ వేసి తోసినా రాలేదు. పెరుగన్నం క్యారేజీ మూత లేచి వసంత ఒళ్ళో పడింది.

"క్లచ్చి నొక్కండి! కాదు కాదు, వదలండి!" అంటున్నాడు జనార్దనరావు.

వాహెద్ మొహంలో రక్తం లేదు. "ఆపు బానూ. ఆపెయ్. నేను చెప్తూనే ఉన్నా, లోపల ఏదో కూర్చునుందని."

పక్కనుంచి పోతున్న ట్రక్కు ఆపి ఒక రైతు తల బయటపెట్టి, రివర్సు చెయ్యమని సైగ చేశాడు. బాను వెనక్కి పోనిచ్చింది. నాలుగు గజాలు పోయేసరికి ఠంగున ఒక మోత, లివరు ఊడొచ్చినట్టు బయటికొచ్చేసింది. రైతు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. బండి ఏమీ ఎరగనట్టు మామూలుగా ఇంటికొచ్చింది. కానీ దారిలో ఎవరూ మాట్లాడలేదు, జనార్దనరావు తప్ప. ఆయన ఆఫీసులో రామానుజం అని ఒకాయన, క్యాంపింగు పిచ్చి, సరిగ్గా ఇలాంటి పాత బండి కోసమే తిరుగుతున్నాడట. రిపేర్లంటే ఇష్టమట. "ఇచ్చేసి చేతులు కడుక్కోండి వాహెద్ గారూ. మంచి చిన్న కారు నేను చూసిపెడతాను."

"వచ్చే శనివారం కాక ఆపై శనివారం రమ్మనండి" అన్నాడు వాహెద్.

వద్దనడానికి బానుకి నోరేదీ? పెద్ద టైర్ మాన్ కూతుర్నని గుండెల మీద చెయ్యి వేసుకున్న మనిషి. ఇంటికొచ్చి వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ, ఉల్లిపాయల వంకతో ఏడ్చింది. చిన్న కారు వస్తే వాహెద్‌కి ధైర్యం వస్తుంది, ఆఫీసుకి తనే తోలుకుపోతాడు. అది తప్పని కాదు. కానీ మంగళవారం సంచులతో నిలబడే నలుగురూ మళ్ళీ ఎవరింట్లో వాళ్ళే. తను మళ్ళీ కిటికీ పక్కన. ఆ కిటికీ తలుచుకుంటే ఆమెకి నిజంగా భయమేసింది.

మర్నాడు అందరూ వెళ్ళాక బండి ముందు నిలబడి దాన్ని తిట్టింది. తిట్టి తిట్టి, ముందు టైరునీ వెనక టైరునీ మార్చి మార్చి చూసింది. ముందుది బాగా తిన్నవాడిలా, వెనకది ఉపవాసమున్నవాడిలా కనపడింది. అప్పుడు గుర్తొచ్చింది.

లారీకి వెనకాల ఒక్కో పక్కా రెండేసి చక్రాలు జంటగా ఉంటాయి. వాటిని జోడు టైర్లంటారు. ముందు టైర్ల మాట ఎలా ఉన్నా, జోడు దగ్గర మాత్రం ఇబ్రహీం సాహెబు ఎవర్నీ నమ్మేవాడు కాదు. తనే టేపు పట్టి రెండిటి చుట్టూ కొలిచేవాడు. "రెండూ ఒకే ఇరుసుకి బిగించాక ఒకే లెక్కన తిరగాలి కదరా. ఒకటి పెద్ద అడుగేస్తే రెండోది రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. మొగుడూ పెళ్ళాల్లో ఎవరు పెద్దయినా సంసారం నడుస్తుంది గానీ, జోడు టైర్లలో నడవదు" అని డ్రైవర్ల మీద అరిచేవాడు. గోడకి ఇవతల మిషను మీద బాను నవ్వుకునేది.

చిన్న లివరు లాగిందంటే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానికొకటి కట్టేసినట్టే. అంటే నాలుగూ జోడే! తండ్రి చెప్పిన రెండు సూత్రాల్లో ఈ బండికి పనికిరానిదాన్ని ఏరి మరీ పట్టుకుంది తను. లారీని ముందు చక్రాలు లాగవు కాబట్టి కొత్తవి ముందుకన్న సూత్రం ఆటోనగర్‌లో చెల్లింది.

ఫిజా స్కూలునుంచి రాగానే పట్టుకుంది. కుట్టు మిషను పెట్టెలోంచి గుడ్డల మీద గీసే సుద్దముక్క తీసి, ముందు టైరు కిందా వెనక టైరు కిందా నేల మీద గీత గీసి, టైర్ల మీదా అక్కడే గీసింది. "నేను మెల్లగా పోనిస్తా. గీత ఒక చుట్టు తిరిగి మళ్ళీ కిందికి రాగానే కేకెయ్."

"మమ్, పీపుల్ ఆర్ వాచింగ్."

"చూడనీ. కేకెయ్."

ఇంటి ముందు సిమెంటు దారి మీద బండి ఒక్క చుట్టు కదిలింది. ముందు చక్రానికోసారి, వెనక చక్రానికోసారి అరిచింది ఫిజా. జాకెట్లు కొలిచే టేపుతో బాను రెండు గీతల దూరమూ కొలిచింది. ముందు చక్రం ఒక చుట్టుకి వెనకదానికంటే నాలుగు వేళ్ళు ఎక్కువ పోతోంది. చుట్టుకి నాలుగు వేళ్ళంటే, ఆ మట్టి రోడ్డు పొడుగునా ఎంతైందో! ఆ తేడా అంతా పోయే దారి లేక బండి కడుపులోనే మెలిపడింది. పాపం, తన్నక ఏం చేస్తుంది?

సాయంత్రం వాహెద్ బూట్లు విప్పకముందే చెప్పేసింది. "తప్పు బండిది కాదండీ. నాది. టైర్లు నేను తప్పు కొన్నాను."

అంత తేలిగ్గా తప్పు ఒప్పుకునే మనిషి కాదు బాను. అందుకని వాహెద్ కూర్చుని విన్నాడు. సుద్ద గీతలు చూశాడు. గీత మీద వేలు పెట్టి, "ఇది మా ఆఫీసు జబ్బే" అన్నాడు.

"ఏంటది?"

"ఒక ప్రోగ్రాము సున్నా సున్నా అంటే పందొమ్మిది వందలనుకుంటుంది. ఇంకోటి రెండు వేలనుకుంటుంది. విడివిడిగా రెండూ బాగానే నడుస్తాయి బానూ. కలిపి నడిపితేనే గోల."

"అదే! అదే కదా నేను చెప్తున్నది!"

పెళ్ళైన పదహారేళ్ళలో ఒకరి పని ఒకరికి అర్థం కావడం అదే మొదలు. ఇద్దరికీ కొంచెం సిగ్గేసింది. అయినా వాహెద్ గడ్డం గోక్కుని, "కానీ రామానుజం గారిని రమ్మన్నాం. మాటిచ్చాక వద్దంటే బాగోదు" అన్నాడు. వద్దనమని బాను అడగలేదు. టైర్లు మాత్రం సరిచెయ్యాలి. అమ్మినా, ఉంచుకున్నా, తన చేతి తప్పుతో బండి గడప దాటకూడదు.

కొన్న షాపుకి ఫోను చేసింది. అదే అచ్చువి ఇంకో రెండు కావాలంది. లేవు, ఆ అచ్చు రావడం ఆగిపోయింది, మీకిచ్చినవే ఆఖరివి అన్నాడతను. షాపుల నంబర్లుండే పసుపు పుస్తకం పట్టుకుని ఫిజా చేత పెన్రిత్ దాకా ఉన్న టైరు షాపులన్నిటికీ చేయించింది. ఎక్కడా లేవు. వసంతను పక్కన ఎక్కించుకుని బ్లాక్‌టౌన్ అవతల ఒక పెద్ద టైరు యార్డుకి పోయింది. యార్డు యజమాని ఒక మాల్టా దేశపు పెద్దాయన, సవ్యంగా మాట్లాడాడు. సరిగ్గా ఆ అచ్చు లేదు గానీ అలాంటిదే ఇంకో కంపెనీది ఉంది, పక్కన రాసిన అంకె కూడా అదే అని చూపించాడు.

బాను సంచిలోంచి టేపు తీసింది. దాని చుట్టూ, తన టైరు చుట్టూ కొలిచింది. అంకె ఒకటే, చుట్టుకొలత ఒకటి కాదు. రెండు వేళ్ళ తేడా. పెద్దాయన నిజాయితీగా తనూ కొలిచి చూసి, "హుఁ" అన్నాడు.

"సేమ్ టు సేమ్ కావాలి" అంది బాను.

అలాంటప్పుడు దారి ఒక్కటే, నాలుగూ ఒకే అచ్చువి, ఒకే విడతలో వచ్చినవి తీసుకోవడం అన్నాడాయన. స్టెప్నీతో కలిపి అయిదు. మీ కొత్త రెండూ నేను మార్పిడికి తీసుకుంటానన్నాడు. ఒకే విడతలో వచ్చినవి అయిదు ఆయన దగ్గర ఒక్క రకంలోనే ఉన్నాయి. చూడ్డానికి ఏమీ లేవు. పళ్ళు నిస్సారంగా, చదునుగా, ముసలి గుమాస్తా మొహంలా ఉన్నాయి.

బాను సింహం పంజాల్లాంటి తన టైర్ల మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. వాటిని వదలబుద్ధి కాలేదు.

"ఏంటే ఆలోచిస్తున్నావు?" అంది వసంత.

"ఇవి ఎంత బాగున్నాయో చూడు వసంతా."

"బాగానే ఉన్నాయి. కానీ మనం ఏ బురదలోకి పోతాం చెప్పు? పెండిల్ హిల్‌లో బురదెక్కడుంది?"

బానుకి నవ్వొచ్చింది. నవ్వాక లెక్క తేలిపోయింది. ఈ బండి నడిచేది కరివేపాకు కోసం, మాంసం కోసం, డాక్టరు కోసం. ఏడాదికి రెండుసార్లు మట్టి రోడ్డు. ఆ పళ్ళు తారు మీద రొద చేస్తాయి, త్వరగా అరుగుతాయి, వానలో జారతాయి కూడా. తను కొన్నది బండికి కాదు. పద్నాలుగేళ్ళప్పుడు గోడకి ఇవతల కూర్చోబెట్టిన పిల్లకి. ఆ పిల్ల ముచ్చట తీరింది, చాలు. "ఇవ్వండి అయిదూ" అంది. ఇచ్చేముందు అయిదిటినీ ఒక్కొక్కటే కొలిచింది. పెద్దాయన టీ తెచ్చుకుని కుర్చీ వేసుకుని చూశాడు.

అనుకున్న శనివారం రామానుజం వచ్చాడు, పక్కన జనార్దనరావు. రామానుజం మెత్తని మనిషి, మోకాళ్ళ దాకా నిక్కరు, నెత్తిన టోపీ. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. రెండో ప్రదక్షిణలో ఆగిపోయాడు.

"అయిదూ ఒకే అచ్చు! కొత్తవి! పాత బండికి ఇలా ఎవరు వేస్తారండీ?" అని ఆనందంతో కేక పెట్టాడు.

వంటింట్లో టీ కాస్తున్న బాను చేతిలో గరిటె ఆగింది. తన తెలివి తెల్లారినట్టే ఉంది. లారీ అమ్మదలుచుకున్నవాడు ముందుగా చేసే పని మంచి టైర్లు వెయ్యడం. ఆటోనగర్‌లో రోజూ విన్నదే. బండిని బాగుచేద్దామని కొలిచి కొలిచి తనే పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి పీటల మీద కూర్చోబెట్టింది.

తోలి చూద్దామన్నాడు రామానుజం. "మా ఆవిడ తోలుతుంది, మీరు చూడండి" అన్నాడు వాహెద్. మార్స్‌డెన్ పార్క్ వైపు కంకర దారి ఉంది. నలుగురూ పోయారు. బాను బిళ్ళలు తిప్పి లివరు లాగింది. కంకర మీద అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ తిప్పింది. స్టీరింగు తేలిగ్గా ఉంది. తిరిగి తారు ఎక్కే ముందు లివరు మీద రెండు వేళ్ళు వేసింది. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. వెనక సీట్లోంచి జనార్దనరావు, "నేను అప్పుడే చెప్పాను, టైర్లేనని" అన్నాడు. ఎవరూ కాదనలేదు. బాను మాత్రం వేగం తగ్గించింది. ఇంత బాగా నడుస్తున్న బండి, ఇదే ఆఖరిసారి.

ఇంటి ముందు ఆగారు. దిగగానే రామానుజం బానెట్టు మీద అరచెయ్యి వేసి, "నాకు నచ్చిందండీ వాహెద్ గారూ. ఇంక వంకలు పెట్టను. మీరు ఎంతంటే అంతే. చెప్పండి" అన్నాడు.

వాహెద్ బండి వైపు చూశాడు. టైర్ల వైపు చూశాడు. అతనికి పాతవాటంటే భయం పోయిందని చెప్పను, అలాంటివి పోవు. కానీ లోపల కూర్చున్నదేమిటో ఈసారి అతనికి తెలిసింది. దాన్ని పట్టుకుని బయటికి లాగిన మనిషి తాళాలు చేతిలో పట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ, పక్కనే నిలబడి ఉంది.

"నన్ను అడుగుతారేంటండీ?" అన్నాడు వాహెద్. "నేను రైల్లో తిరిగేవాణ్ణి. బండి బానుది. ఆవిణ్ణి అడగండి."

జనార్దనరావు నోరు మొదటిసారి ఖాళీగా తెరుచుకుంది. రామానుజం టోపీ తీసి బాను వైపు తిరిగాడు. పెద్దమనిషి, తన తల్లితో మాట్లాడినంత మర్యాదగా, "అమ్మా, ఏమంటారు?" అన్నాడు.

సాహెబు గారి అమ్మాయి, వాహెద్ భార్య, ఫిజా వాళ్ళమ్మ. ఇన్నేళ్ళూ అన్నీ ఇలాగే. బానుది అని ఒక్క వస్తువు గురించి నలుగురిలో ఎవరూ అన్న గుర్తు ఆమెకి లేదు. ఏం చెప్పాలో ముందే తెలుసు గానీ, తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. వాహెద్ ఆమెను తొందరపెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తనకేమీ సంబంధం లేనట్టు, ఆమె చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు.

"బండి అమ్మనండీ" అంది బాను.

అనేశాక మిగతా మాటలు వాటంతటవే వచ్చాయి. "మీరు బాధపడకండి అన్నయ్యగారూ. ఇలాంటి బండి ఇంకోటి దొరుకుతుంది. దొరికితే మాత్రం కొనేముందు నాకు ఫోను చెయ్యండి. నేనొచ్చి చూస్తాను. ముందు లోపలికి రండి, టీ మళ్ళీ పెడతాను."

రామానుజం ఒక్క క్షణం బండి వైపు ఆశగా చూసి, టోపీ పెట్టుకున్నాడు. "మంగళవారం ఒకటి చూడబోతున్నానమ్మా, రివర్‌స్టోన్‌లో. వస్తారా?"

"మంగళవారం కుదరదండీ" అంది బాను. "మంగళవారం నాకు పనుంది."